62 మి.మీ. క్యాబినెట్‌లోకి 450 వాట్ల ఏటీఎక్స్ ఎస్‌ఎమ్‌పీఎస్: హీట్‌సింక్ ఎంత కోయాలి, ఏది కోయకూడదు?

#1 · స్లిమ్‌బాక్స్

కంప్యూటర్ క్యాబినెట్‌లో ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై) కోసం మిగిలిన చోటు 62 మి.మీ. ఎత్తు, 155 వెడల్పు, 175 లోతు. దగ్గరున్నది 450 వాట్ల మామూలు ఏటీఎక్స్, అంటే 150 × 140 × 86. దానికంటే చిన్న సైజు రకం ఎస్‌ఎఫ్‌ఎక్స్ కొందామంటే దాని ఎత్తు 63.5, ఒకటిన్నర మిల్లీమీటరు దగ్గర ఆగిపోతోంది. సన్నటి రకం టీఎఫ్‌ఎక్స్ 65, అదీ పట్టదు.

లోపల డబుల్ ఫార్వర్డ్ (రెండు స్విచింగ్ ట్రాన్సిస్టర్ల) డిజైను, యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిచేసే సర్క్యూట్) ఉంది. సెకండరీలో (తక్కువ వోల్టుల అవుట్‌పుట్ వైపు) షాట్‌కీ డయోడ్లు, 12 వోల్టులకీ 5 వోల్టులకీ కలిపి ఒకటే పెద్ద టొరాయిడ్ (ఉంగరం ఆకారపు) కాయిల్. బోర్డు పైముఖం నుంచి కొలిచిన ఎత్తులు: రెండు హీట్‌సింకులూ 52, పెద్ద కెపాసిటర్ (270 మైక్రోఫ్యారడ్లు, 450 వోల్టులు) 46, పీఎఫ్‌సీ కాయిల్ 38, మెయిన్ ట్రాన్స్‌ఫార్మర్ 37, టొరాయిడ్ 34.

మూతకి 120 మి.మీ. స్లిమ్ ఫ్యాన్ (15 మి.మీ. మందం) బిగించి, హీట్‌సింకులు రెండూ 52 నుంచి 34కి కోద్దామని ఆలోచన. లోడ్ ఎక్కువేం లేదు: 65 వాట్ల ప్రాసెసర్, విడిగా పవర్ కనెక్టర్ అక్కర్లేని 75 వాట్ల గ్రాఫిక్స్ కార్డు, రెండు ఎస్‌ఎస్‌డీలు. అన్నీ కలిపి 200 వాట్లు దాటదు. అంత కోస్తే తట్టుకుంటుందా?

#2 · వైజాగ్_పవర్

రంపం పక్కన పెట్టి ముందు ఎత్తుల లెక్క చూద్దాం. బయటి కొలత 62. పైనా కిందా రేకు 0.8 చొప్పున 1.6 పోయింది. స్టాండాఫ్ (బోర్డుని ఎత్తి పట్టే కాలు) 6, బోర్డు మందం 1.6, కలిపి 7.6. బోర్డు పైముఖం నుంచి మూత లోపలి ముఖం దాకా మిగిలేది 52.8. అందులోంచి ఫ్యాన్ మందం 15 తీసేస్తే 37.8. మీ కెపాసిటర్ ఒక్కటే 46 ఉంది, పీఎఫ్‌సీ కాయిల్ 38. హీట్‌సింకులు వేళ్లతో సహా పీకేసినా ఆ ఫ్యాన్ మూత కింద పట్టదు. ఇలాంటి పనుల్లో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే: కంటికి ఎత్తుగా కనిపించేది హీట్‌సింక్ కాబట్టి దాన్నే కోస్తారు, తీరా మూత వేయబోతే కెపాసిటర్ అడ్డొస్తుంది.

కాబట్టి ఫ్యాన్‌ని మూత మీంచి తీసేయండి. వైర్లు బయటికొచ్చే వైపు ముఖానికి 60 × 60 × 25 ఫ్యాన్ పెట్టండి. పెట్టె లోతు 140, ఫ్యాన్ 25, మొత్తం 165. మీకున్నది 175. గాలి పీల్చుకోవడానికి 10 మి.మీ. మిగిలింది. తక్కువే, కానీ ఈ వేడికి సరిపోతుంది. అప్పుడు గాలి పైనుంచి కిందికి కాకుండా పొడవునా పోతుంది. ముందు మీ హీట్‌సింక్ పలకలు ఏ దిశలో నిలబడ్డాయో చెప్పండి. గాలి దారికి అడ్డంగా ఉంటే ఈ పద్ధతి పనికిరాదు.

ఇక వేడి లెక్క. 200 వాట్ల లోడ్‌కి ఎఫిషియెన్సీ 84 శాతం అనుకుంటే లోపలికి 238, వేడిగా పోయేది 38 వాట్లు. అందులో 12 వోల్టుల షాట్‌కీ: 13 ఆంపియర్లు × 0.55 వోల్టులు, దాదాపు 7 వాట్లు. 5, 3.3 వోల్టులవి కలిపి మరో 4. అంటే సెకండరీ హీట్‌సింక్ మీద 11 వాట్లు. ప్రైమరీ (మెయిన్స్ వైపు) హీట్‌సింక్ మీద బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే డయోడ్లు) 1.7, పీఎఫ్‌సీ మాస్‌ఫెట్ (స్విచింగ్ ట్రాన్సిస్టర్) 4, దాని డయోడ్ 1, మెయిన్ మాస్‌ఫెట్లు రెండూ కలిపి 6, సుమారు 12 నుంచి 13. మిగతాది కాయిల్స్‌లో, ట్రాన్స్‌ఫార్మర్‌లో. ఆ వేడి హీట్‌సింకుతో తీరేది కాదు, గాలి తగలాల్సిందే.

పలక 90 మి.మీ. పొడవు ఉందనుకుంటే 52 ఎత్తుకి రెండు ముఖాలూ కలిపి దాదాపు 94 చదరపు సెంటీమీటర్లు. 34కి కోస్తే 61, అంటే మూడో వంతు పైనే పోతుంది. 46కి కోస్తే పోయేది 11.5 శాతం.

#3 · స్లిమ్‌బాక్స్

పలకలు రెండూ పొడవునా, వైర్ల వైపు నుంచి ఏసీ సాకెట్ వైపుకి ఉన్నాయి. పొడవు ప్రైమరీది 95, సెకండరీది 90, మందం 3 మి.మీ. పైన దువ్వెన పళ్లలా చీల్చి అటొకటి ఇటొకటి వంచారు. రెండు పలకల మధ్య ట్రాన్స్‌ఫార్మర్లు వరసగా ఉన్నాయి.

#4 · ఎర్త్‌పిన్

అయితే కోత కంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. ఏ హీట్‌సింక్ దేనికి కలిసి ఉంది?

ప్లగ్ పీకండి. పీకినంత మాత్రాన అయిపోదు. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్న ఎస్‌ఎమ్‌పీఎస్‌లో పెద్ద కెపాసిటర్ 380 నుంచి 400 వోల్టుల దాకా నిండి ఉంటుంది. 270 మైక్రోఫ్యారడ్లలో 390 వోల్టులంటే 20 జూళ్లు, ప్రాణం మీదికి వచ్చేంత. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటుంటే ఇక్కడ మానండి. ట్రాక్ లేచిపోతుంది, కెపాసిటర్ లోపల కనెక్షన్ దెబ్బతింటుంది. 10 కిలోఓమ్స్, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌కి రెండు ఇన్సులేటెడ్ ప్రోబ్ వైర్లు వేసి కెపాసిటర్ కాళ్ల మీద 15 సెకన్లు పెట్టండి. టైమ్ కాన్‌స్టంట్ 2.7 సెకన్లు, ఐదింతలకి 13.5. తర్వాత మీటర్ పెట్టి 5 వోల్టుల లోపు చూశాకే చేయి పెట్టండి. కాసేపయ్యాక మళ్లీ చూడండి, ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ కొంత వోల్టేజీ తిరిగి పోగేసుకుంటుంది.

ఇప్పుడు మల్టీమీటర్ కంటిన్యుటీలో పెట్టి మూడు చూడండి: ప్రైమరీ హీట్‌సింక్‌కీ పెద్ద కెపాసిటర్ మైనస్ కాలికీ మధ్య, సెకండరీ హీట్‌సింక్‌కీ నల్ల వైరుకీ (గ్రౌండ్) మధ్య, సెకండరీ హీట్‌సింక్‌కీ పసుపు వైరుకీ (12 వోల్టులు) మధ్య. ఫలితం ఇక్కడ రాయండి. దాన్నిబట్టే ఏది కోయాలో తేలుతుంది.

#5 · స్లిమ్‌బాక్స్

ప్రైమరీ హీట్‌సింక్ నుంచి కెపాసిటర్ మైనస్‌కి 0.3 ఓమ్, అంటే కలిసే ఉంది. సెకండరీ నుంచి నల్ల వైరుకి 0.2. పసుపు వైరుకి కంటిన్యుటీ లేదు, డయోడ్ల కింద బూడిదరంగు సిలికాన్ ప్యాడ్లు ఉన్నాయి.

#6 · ఎర్త్‌పిన్

బాగుంది, ఎక్కువ డిజైన్లలో ఉండేది ఇదే.

ప్రైమరీ హీట్‌సింక్ డీసీ మైనస్ మీద ఉంది. అది గ్రౌండ్ కాదు. బ్రిడ్జి తర్వాతి మైనస్ కాబట్టి మెయిన్స్‌లో ప్రతి సైకిల్‌కీ ఎర్త్ కంటే 325 వోల్టులు కిందికి దిగుతుంది. ముట్టుకుంటే ఫేజు ముట్టుకున్నట్టే. మూత రేకు ఎర్త్. ఈ రెంటి మధ్యా ఖాళీ ఉండి తీరాలి. భద్రతా ప్రమాణాలైన ఐఈసీ 60950-1లో, దాని తర్వాతి 62368-1లో, 400 వోల్టుల వర్కింగ్ వోల్టేజీకి మామూలు గదుల్లో ఉపరితల దూరం బేసిక్ ఇన్సులేషన్‌కి 4 మి.మీ., రీఇన్‌ఫోర్స్‌డ్‌కి 8. ప్రైమరీ లోహానికీ ఎర్త్ రేకుకీ మధ్య 4, ప్రైమరీ లోహానికీ సెకండరీ లోహానికీ మధ్య 8. ఈ రెండు అంకెలూ గోడ మీద రాసి పెట్టుకోండి.

కాబట్టి ప్రైమరీ 46కి కోయండి, మూతకి 6.8 మిగులుతుంది. 48 దగ్గర ఆపినా 4.8 వస్తుంది కానీ, 0.8 రేకు మీద బరువు పెడితే ఒక మిల్లీమీటరు దిగుతుంది. ప్రైమరీ వైపు అర్ధభాగంలో మూత లోపల 0.43 మి.మీ. ఫార్మెక్స్ లాంటి మంట అంటుకోని పాలీప్రొపిలీన్ షీట్ కూడా అతికించండి. జిరాక్స్ షాపుల్లో దొరికే ఓహెచ్‌పీ షీటు వద్దు, అది మెత్తబడి జారిపోతుంది, నిప్పు తగిలితే అంటుకుంటుంది.

సెకండరీ మాత్రం కోయనక్కర్లేదు. అది గ్రౌండ్ మీదే ఉంది, పెట్టె కూడా గ్రౌండే. మూతకి తగిలినా విద్యుత్ పరంగా నష్టం లేదు. తగిలించడమే లాభం.

#7 · వైజాగ్_పవర్

ఎర్త్‌పిన్ గారి మాటకి కొనసాగింపు. మూతకీ సెకండరీ హీట్‌సింక్‌కీ మధ్య లెక్క ప్రకారం 0.8 ఖాళీ. అందులో 1 మి.మీ. మెత్తని థర్మల్ ప్యాడ్ (3 వాట్/మీటర్-కెల్విన్ రకం) పెడితే 20 శాతం నొక్కుకుంటుంది, అంతే ఉండాలి. పళ్ల అంచుల మీద తాకే వైశాల్యం ఖాళీలు పోను 1.3 చదరపు సెంటీమీటర్లు ఉందనుకుంటే ఆ దారి నిరోధం 2 డిగ్రీలు/వాట్ దగ్గర వస్తుంది. గాలి దారి ఒక్కటే అయితే 3.5 నుంచి 4. రెండూ పక్కపక్కన పనిచేస్తాయి కాబట్టి మూత మొత్తం అదనపు ఫిన్ అవుతుంది.

లెక్కలో 0.8 వచ్చినా నిజంగా ఎంతో ముందు కొలవండి. పిల్లల ప్లాస్టిసిన్ ముద్దలు నాలుగు చోట్ల పెట్టి, మూత స్క్రూలన్నీ బిగించి, విప్పి, నలిగిన మందం వెర్నియర్‌తో చూడండి. ఎక్కడైనా 0.5 కంటే తక్కువ వస్తే ఆ పళ్లని ఆకురాయితో అరగదీయాలి. ప్యాడ్ ఎక్కువ నొక్కుకుంటే ఆ బలం బోర్డు మీదికి పోయి హీట్‌సింక్ కాళ్ల దగ్గర సోల్డర్ చుట్టూ ఉంగరంలా పగుళ్లు వస్తాయి. అవి ఆర్నెల్ల తర్వాతే బయటపడతాయి.

#8 · కోఠి_కెపాసిటర్

ఒక సందేహం. నల్లగా యానొడైజ్ చేసిన హీట్‌సింకులైతే ఆ పూతే ఇన్సులేషన్ కదా, 4 మి.మీ. దూరం అవసరమా?

#9 · ఎర్త్‌పిన్

అవసరమే. పూత మైక్రాన్లలో ఉంటుంది, గీత పడితే పోతుంది, కోసిన అంచు మీద అసలే ఉండదు. దాన్ని ఇన్సులేషన్‌గా లెక్కలోకి తీసుకోకూడదు.

#10 · ఆకురాయి

కోత గురించి ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి రాస్తున్నాను. బోర్డు మీద ఉండగా కోయొద్దు. అల్యూమినియం పొడి ట్రాన్స్‌ఫార్మర్ కాళ్ల మధ్య, చిప్ కింద ఇరుక్కుంటుంది. వ్యాక్యూమ్ పెట్టినా మొత్తం రాదు. 390 వోల్టుల దగ్గర ఒక్క రవ్వ చాలు.

మాస్‌ఫెట్లు బిగించి ఉండగానే హీట్‌సింక్ మొత్తాన్ని ఒక ముక్కగా తీయాలి. బోర్డు అడుగున దాని కాళ్లు పెద్ద రాగి మీద ఉంటాయి. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఆ వేడి అందించలేదు. 60 నుంచి 80 వాట్లది, ఉలి మొన లాంటి వెడల్పు బిట్‌తో కావాలి. ఫ్యాక్టరీ సోల్డర్ లెడ్ లేనిది, అది 217 డిగ్రీల పైన గానీ కరగదు. దాని మీద లెడ్ ఉన్న 63/37 సోల్డర్ కొంచెం కలిపి కరిగిస్తే మొత్తం తక్కువ వేడికే కరిగి, పంపుతో లాగితే వచ్చేస్తుంది. కాళ్లన్నీ వదులయ్యాకే పైకి లాగండి. బలంతో లాగితే రంధ్రం చుట్టూ రాగి ఊడి వస్తుంది. సింగిల్ సైడ్ బోర్డు కాబట్టి ట్రాక్ పోయిందంటే జంపర్ తప్పదు.

విప్పే ముందు ఫొటో తీసుకోండి. ఏ మాస్‌ఫెట్ ఎక్కడ, దాని కింద ప్యాడా మైకానా, స్క్రూకి ప్లాస్టిక్ బుష్ ఉందా లేదా, అన్నీ కనపడాలి. టీవో-220 (మాస్‌ఫెట్, డయోడ్ల ప్యాకేజీ రకం)లో ప్లాస్టిక్ ఒళ్లున్న ఫుల్‌ప్యాక్ కింద ప్యాడ్ ఉండదు. లోహపు వీపు ఉన్న దాని కింద ప్యాడ్, స్క్రూకి బుష్ రెండూ ఉండాలి. వీటిని మార్చి బిగిస్తే ఆన్ చేసిన క్షణంలో అన్నీ పోతాయి.

డివైస్ స్క్రూలు సాధారణంగా బోర్డుకి 15 నుంచి 25 మి.మీ. ఎత్తులో ఉంటాయి. మీరు కోసేది 46 దగ్గర కాబట్టి కొత్త రంధ్రాలు వేసే పనిలేదు. గీత గీసి, రెండు చెక్కముక్కల మధ్య బెంచ్ వైస్‌లో బిగించండి. 3 మి.మీ. పలకకి 32 పళ్ల హాక్సా బ్లేడు. మందంలో కనీసం మూడు పళ్లు ఆనాలి, 24 పళ్లది సరిగ్గా ఆనక పలకని కొరుకుతుంది. కిరోసిన్ చుక్కలు వేస్తూ కోస్తే పళ్లలో అల్యూమినియం అతుక్కోదు. ఆకురాయికి ముందు సుద్ద రాసుకోండి, అదే కారణం.

తర్వాత అంచుల బర్, అంటే కోసినచోట మిగిలే లోహపు ముళ్లు. వేలికి తగలకపోయినా ఉంటుంది. డివైస్ ఆనే ముఖం మీద, రంధ్రం అంచున ఉన్న బర్ సిలికాన్ ప్యాడ్‌ని చీల్చుకుని వీపుకి తగులుతుంది. రంధ్రానికంటే పెద్ద డ్రిల్ బిట్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పితే పోతుంది. డివైస్ ముఖాన్ని 400 నంబరు ఎమెరీ పేపరుతో అద్దం ముక్క మీద రుద్ది, ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి, కొత్త ప్యాడ్లు వేయండి. పాత ప్యాడ్ ఒకసారి నలిగింది, మళ్లీ వాడొద్దు. ఎమ్3 స్క్రూ 0.5 నుంచి 0.6 న్యూటన్ మీటర్. అంతకంటే బిగిస్తే టీవో-220 వీపు స్క్రూ వైపు వంగి, చిప్ ఉన్న వైపు లేస్తుంది. బిగింపు పెరిగిన కొద్దీ చల్లబడదు, ఒక హద్దు దాటాక వేడెక్కుతుంది.

ఇంకొకటి: డివైస్‌లు హీట్‌సింక్‌కి బిగించాకే కాళ్లు సోల్డర్ చేయండి. ముందు సోల్డర్ చేసి తర్వాత స్క్రూ బిగిస్తే కాళ్ల మీద ఒత్తిడి ఉండిపోతుంది.

#11 · డల్లాస్_డయోడ్

ఇక్కడ అమెరికాలో ఇలాంటి మోడ్ చేసేవాళ్లు చదువుతుంటే గమనించండి: పైన వేసిన బ్రిడ్జి లెక్క 230 వోల్టులది. 120 వోల్టుల దగ్గర అదే లోడ్‌కి కరెంట్ దాదాపు రెట్టింపు, బ్రిడ్జి వేడి 1.7 నుంచి 3.3 వాట్లకి పోతుంది, పీఎఫ్‌సీ మాస్‌ఫెట్, కాయిల్ కూడా ఎక్కువ వేడెక్కుతాయి. ఇండియాలో కోసిన కొలతలు ఇక్కడ గుడ్డిగా వాడొద్దు.

ఒక ప్రశ్న. అసలు ప్రైమరీ హీట్‌సింక్ తీసేసి మాస్‌ఫెట్లని సిరామిక్ ప్యాడ్‌తో నేరుగా పెట్టె గోడకే బిగిస్తే? ఎత్తు సమస్యే ఉండదు కదా.

#12 · వైజాగ్_పవర్

వేడి పరంగా బాగుంటుంది. మిగతా రెండు విషయాల్లో నష్టం. మొదటిది, ఆ ఒక్క ప్యాడే మెయిన్స్‌కీ మనిషి ముట్టుకునే రేకుకీ మధ్య ఇన్సులేషన్ అవుతుంది. బుష్ పక్కన, ప్యాడ్ అంచు చుట్టూ 4 మి.మీ. దూరం టీవో-220కి రావడం కష్టం. రెండోది, మాస్‌ఫెట్ వీపు దాని డ్రెయిన్ కాలికి కలిసి ఉంటుంది. అక్కడ సెకనుకి వేల సార్లు 400 వోల్టులు ఎగసి పడుతుంటాయి. 0.2 మి.మీ. సిలికాన్ ప్యాడ్‌తో గోడకి 30 పికోఫ్యారడ్ల కెపాసిటెన్స్ ఏర్పడుతుంది, 1 మి.మీ. అల్యూమినా అయితే 12. ఆ మేరకు నాయిస్ కరెంట్ నేరుగా ఎర్త్‌లోకి దిగుతుంది. హీట్‌సింక్‌ని డీసీ మైనస్‌కి కలపడంలో ఉద్దేశమే ఆ కరెంట్ అక్కడికక్కడే తిరిగి వెళ్లాలని. ఫిల్టర్ డిజైన్ మళ్లీ చేయగలిగితే తప్ప దాని జోలికి పోవద్దు.

#13 · నిశ్శబ్ద్

ఫ్యాన్ విషయం. గాలి ఎంత కావాలో చిన్న సూత్రం ఉంది: సీఎఫ్‌ఎమ్ (నిమిషానికి ఘనపుటడుగులు) = 1.76 × వాట్లు ÷ గాలి వేడెక్కే డిగ్రీలు. 38 వాట్లకి 10 డిగ్రీలు ఒప్పుకుంటే 6.7. నాక్టువా ఎన్‌ఎఫ్-ఏ6×25 లాంటిది 3000 ఆర్‌పీఎమ్ దగ్గర ఖాళీ గాలిలో 17 దాకా ఇస్తుంది. ఇరుకు పెట్టెలో సగమే వస్తుందనుకున్నా ఒక్కటి సరిపోతుంది. అయినా రెండు పెట్టండి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ల వరస గోడలా ఉంది. ఒక్క ఫ్యాన్ పెడితే గాలి ఒక సందులోనే పోతుంది, అవతలి హీట్‌సింక్ ఉక్కపోతలో ఉంటుంది. 150 వెడల్పులో రెండు 60లు 120 తీసుకుంటాయి, మిగిలిన 30లో వైర్లు రబ్బరు గ్రోమెట్‌లోంచి బయటికి వస్తాయి. ఏసీ సాకెట్ వైపు ముఖంలో జాలీ ఖాళీ కనీసం 40 చదరపు సెంటీమీటర్లు ఉండాలి.

అసలు చెప్పాల్సింది థర్మిస్టర్ గురించి. సెకండరీ హీట్‌సింక్‌కి పెసరగింజంత బిళ్ల ఒకటి రెండు సన్న వైర్లతో ఉంటుంది. ఫ్యాన్ వేగం దాని చేతిలోనే ఉంది. హీట్‌సింక్ తీసి పెట్టేటప్పుడు అది ఊడి గాలిలో వేలాడితే గాలి వేడి మాత్రమే చూస్తుంది, ఫ్యాన్ నెమ్మదిగానే తిరుగుతుంది, డయోడ్లు కాలిపోతాయి. 12 వోల్టుల డయోడ్ పక్కనే, క్లిప్‌తో లేదా థర్మల్ జిగురుతో గట్టిగా పెట్టండి. వేడి జిగురు తుపాకీ వద్దు, ఆ వేడికి కరుగుతుంది.

కంట్రోలర్ తక్కువ లోడ్‌లో ఫ్యాన్‌కి 4 నుంచి 5 వోల్టులే ఇస్తుంది. కొన్ని చిన్న ఫ్యాన్లు 5 దగ్గర తిరగడం మొదలుపెట్టవు, ముందే తిరుగుతుంటే మాత్రం ఆగవు. కొనే ముందు 5 వోల్టులతో ఆగి ఉన్న స్థితి నుంచి లేస్తుందో లేదో చూడండి. రెండు ఫ్యాన్లూ ఒకే కంట్రోలర్ మీద పెడుతున్నారు కాబట్టి, కలిపి కరెంట్ పాత ఫ్యాన్ లేబుల్ మీదున్న అంకె దాటకూడదు. పాతవి ఎక్కువగా 0.2 నుంచి 0.3 ఆంపియర్లు ఉంటాయి.

#14 · కోఠి_కెపాసిటర్

ఇంత శ్రమ బదులు ఫ్లెక్స్ ఏటీఎక్స్ కొనుక్కోవచ్చు కదా అన్నా? 81.5 × 40.5 × 150. ఈ చోటులో సగం మిగులుతుంది. లేదంటే మీన్‌వెల్ ఎల్‌ఆర్‌ఎస్-350-12, 30 మి.మీ. ఎత్తు, 12 వోల్టులు 29 ఆంపియర్లు, దాని తర్వాత 24 పిన్ల డీసీ-ఏటీఎక్స్ బోర్డు. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్), మా కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే ఏదో ఒకటి దొరుకుతుంది.

#15 · వైజాగ్_పవర్

ఎల్‌ఆర్‌ఎస్-350 పొడవు 215, ఆయన లోతు 175. పట్టదు. ఫ్లెక్స్ మంచి దారే, దాన్ని కాదనను. కానీ 40 మి.మీ. ఫ్యాన్ శబ్దం బల్ల మీద పెట్టుకునే మెషీన్‌కి బాధ. శబ్దం పట్టించుకోనివాళ్లు ఫ్లెక్స్ తీసుకుని ఈ చర్చ ఇక్కడే ఆపేయొచ్చు.

#16 · ఎర్త్‌పిన్

బిగించాక ఆన్ చేసే ముందు చూడాల్సినవి. వీటిలో ఏదీ వదలొద్దు.

హీట్‌సింక్‌ని బోర్డుకి సోల్డర్ చేయకముందే, ప్రతి డివైస్ వీపు నుంచి హీట్‌సింక్‌కి మీటర్ 20 మెగాఓమ్స్ రేంజ్‌లో ఓపెన్ చూపాలి. ఫుల్‌ప్యాక్‌కి వీపు లేదు కాబట్టి డ్రెయిన్ కాలి నుంచి చూడండి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి, ఎర్త్ పిన్‌కి మధ్య 500 వోల్టుల డీసీ మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్టర్) పెట్టండి. 100 మెగాఓమ్స్ పైన రావాలి. ఒకటీ రెండూ చూపిస్తే ఎక్కడో పొడి లేదా ఫ్లక్స్ ఉంది. పచ్చ-పసుపు ఎర్త్ వైరుని కొత్త పెట్టెకి రింగ్ టెర్మినల్‌తో, పళ్ల వాషర్ వేసి, పెయింట్ గీకిన చోట బిగించండి. ఎర్త్ పిన్ నుంచి మూతకి 0.1 ఓమ్ లోపు ఉండాలి. ఎర్త్ లేని పాత ఇళ్లల్లో వై కెపాసిటర్ల (మెయిన్స్‌కీ ఎర్త్‌కీ మధ్య ఉండే ఫిల్టర్ కెపాసిటర్లు) వల్ల పెట్టె మీద సగం మెయిన్స్, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. చేయి పెడితే జివ్వుమనేది అదే. దీనికి మందు ఎర్తింగే, పిన్ విరిచేయడం కాదు.

పెట్టె లోహానిదే ఉండాలి. పాత పెట్టె రెండు యూ రేకుల్నే 24 మి.మీ. తగ్గించి మళ్లీ వంచుకుంటే మంచిది, సాకెట్ కోత, స్టాండాఫ్ రంధ్రాలు అలాగే దొరుకుతాయి. త్రీడీ ప్రింట్ ప్లాస్టిక్ పెట్టెలు మెయిన్స్‌కి వద్దు.

మొదటిసారి 100 వాట్ల ఫిలమెంట్ సీరీస్ బల్బుతో, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (ఎర్త్ లీకేజీకి ట్రిప్ అయ్యే బ్రేకర్) ఉన్న ప్లగ్‌లో పెట్టండి. బల్బు ఒక్కసారి వెలిగి ఆరిపోవాలి, వెలుగుతూనే ఉంటే షార్ట్. పర్పుల్ వైరు మీద 5 వోల్టుల స్టాండ్‌బై రావాలి. సీరీస్ బల్బుతో ఇంతవరకే. యాక్టివ్ పీఎఫ్‌సీ ఉన్నవాటిని బల్బు మీదే ఆన్ చేసి లోడ్ ఇస్తే, వోల్టేజీ పడిపోయి ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. దాన్ని చూసి పాడైందనుకుని మళ్లీ విప్పేవాళ్లున్నారు.

#17 · ఆకురాయి

లోడ్‌కి కారు హెడ్‌లైట్ బల్బులు వాడుకోండి, 12 వోల్టులు 55 వాట్ల హెచ్1. మూడు పెడితే 150 నుంచి 165. చల్లటి ఫిలమెంట్ మొదట పది రెట్ల దాకా కరెంట్ లాగుతుంది, మూడూ ఒకేసారి తగిలిస్తే ప్రొటెక్షన్ ట్రిప్ అవుతుంది, ఒక్కొక్కటే కలపండి. గ్రూప్ రెగ్యులేషన్ (12, 5 వోల్టుల్ని కలిపి నియంత్రించే పద్ధతి) కాబట్టి 5 వోల్టుల మీద కూడా 1 ఓమ్, 50 వాట్ల రెసిస్టర్ ఉండాలి. లేకపోతే 12 కిందికి, 5 పైకి పోతాయి. హద్దులు 11.40 నుంచి 12.60, 4.75 నుంచి 5.25, 3.14 నుంచి 3.47.

#18 · స్లిమ్‌బాక్స్

అన్నీ అలాగే చేశాను. ప్రైమరీ 46, సెకండరీ కోయలేదు. ప్లాస్టిసిన్ మందం 0.7 నుంచి 0.9, 1 మి.మీ. ప్యాడ్. మెగ్గర్ 500 పైన. ఫ్యాన్లు రెండు, కంట్రోలర్ 7 వోల్టుల దగ్గర నిలబడింది.

గది 29 డిగ్రీలు, 190 వాట్ల లోడ్, గంట తర్వాత: సెకండరీ హీట్‌సింక్ 63, టొరాయిడ్ 81, కెపాసిటర్ 47. ప్రైమరీ హీట్‌సింక్ ఐఆర్ థర్మామీటర్‌తో 34 మాత్రమే చూపిస్తోంది. 12.08, 5.04, 3.31.

#19 · వైజాగ్_పవర్

34 నమ్మొద్దు. మెరిసే అల్యూమినియం ఎమిసివిటీ (వేడిని కిరణాలుగా వదిలే గుణం) 0.1 లోపు, ఐఆర్ గన్ 0.95 అనుకుంటుంది. హీట్‌సింక్ వేడి కాకుండా దానిలో ప్రతిబింబించే గది వేడి చూపిస్తోంది. కరెంట్ తీసి, కెపాసిటర్ డిశ్చార్జ్ చేసి, నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, మళ్లీ నడిపి ఆ టేపు మీద చూడండి. ప్రైమరీ మీద థర్మోకపుల్ పెట్టే ఆలోచన ఉంటే కాప్టన్ టేపు రెండు పొరలు వేసి, బ్యాటరీ మీటర్ వాడి, నడుస్తున్నంతసేపూ మీటర్‌ని ముట్టుకోవద్దు.

సెకండరీ 63 బాగుంది. కానీ ఇది బల్ల మీది లెక్క. క్యాబినెట్ లోపల మరో 10, మే నెలలో రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల గదే 40 దాటుతుంది, మరో 12. అంటే 85. డయోడ్ జంక్షన్ (లోపలి చిప్) దానిపైన 7 వాట్లు × 2.2 డిగ్రీలు, ఇంకో 15. మొత్తం 100. షాట్‌కీకి అది సరే, అంతకంటే పైకి పోనివ్వొద్దు. షాట్‌కీ రివర్స్ లీకేజీ ప్రతి పది డిగ్రీలకీ సుమారు రెట్టింపవుతుంది, ఆ లీకేజీయే మళ్లీ వేడి పుట్టిస్తుంది. బాగా వేడెక్కితే ఆ చక్రం అదుపు తప్పవచ్చు.

నాకు నచ్చనిది టొరాయిడ్. దాని రంగు ఏంటి?

#20 · స్లిమ్‌బాక్స్

పసుపు, ఒక ముఖం తెలుపు. టేపు మీద చూస్తే ప్రైమరీ 57.

#21 · వైజాగ్_పవర్

పసుపు-తెలుపు అంటే 26 రకం ఐరన్ పౌడర్. అందులో రేణువుల్ని పట్టి ఉంచే బైండర్ 100 డిగ్రీల పైన ఏళ్ల తరబడి ఉంటే చెడుతుంది, కోర్ నష్టాలు పెరుగుతాయి, ఇంకా వేడెక్కుతుంది. మీది వేసవిలో 103 అవుతుంది. హీట్‌సింకులు బాగున్నాయి, ఇప్పుడు సరిచేయాల్సింది ఇదే. పైనుంచి 120 ఫ్యాన్ కొట్టినప్పుడు దానికి నేరుగా గాలి తగిలేది, ఇప్పుడు వైర్ల కట్ట వెనక దాక్కుంది.

#22 · నిశ్శబ్ద్

వైర్ల కట్టని గోడకి జిప్‌టైతో లాగి పట్టండి. తర్వాత మిగిలిన ఫార్మెక్స్ ముక్కతో సెకండరీ వైపు ఫ్యాన్ ముందు 30 మి.మీ. ఎత్తు రెక్క వంచి, ఫ్యాన్ గాలిలో మూడో వంతు టొరాయిడ్ మీదికి మళ్లించండి. రెక్క అడుగు అంచు బోర్డుకి 5 మి.మీ. పైనే ఆగాలి, కింది కెపాసిటర్లకి కూడా గాలి అందాలి. అవి 105 డిగ్రీల రకమైనా ప్రతి పది డిగ్రీల తగ్గుదలకీ ఆయుష్షు రెట్టింపు.

#23 · స్లిమ్‌బాక్స్

రెక్క పెట్టాను, వైర్లు గోడకి కట్టాను. అదే గది, అదే లోడ్, గంట తర్వాత టొరాయిడ్ 69, సెకండరీ 65, ప్రైమరీ 57. ఫ్యాన్ వోల్టేజీ 7.2.

#24 · వైజాగ్_పవర్

సెకండరీ రెండు డిగ్రీలు పెరిగినా ఫర్వాలేదు, టొరాయిడ్ పన్నెండు దిగింది. క్యాబినెట్‌లో బిగించాక మూత పైన ఇంకేదీ పెట్టొద్దు, ఇప్పుడు ఆ రేకు కూడా హీట్‌సింకే. నెల తర్వాత ఒకసారి విప్పి, హీట్‌సింక్ కాళ్ల చుట్టూ సోల్డర్‌ని భూతద్దంతో చూడండి.